చెట్టెక్కే తాడుకు ఏ ముడి నమ్మకమైనది?

ప్రశ్న: మా నాన్నగారు కల్లుగీత వృత్తిలో ఉండి మోకుతో తాటిచెట్లు ఎక్కేవారు. నేను ఇళ్ల మీదికి వంగిన చింత, వేప, మామిడి కొమ్మలు కొట్టే పని చేస్తున్నాను. నైలాన్ తాడు ఒక కొసను నడుముకు కట్టుకొని, రెండో కొసను పై కొమ్మకు బౌలైన్ ముడితో, అంటే బిగుసుకోని ఉచ్చులా పడే ముడితో కడతాను. గత నెలలో గంటసేపు పనిచేసి దిగబోతూ చూస్తే పైన ముడి సగం విడిపోయి ఉంది. కట్టేటప్పుడు గట్టిగానే బిగించాను. తప్పు ముడిదా, తాడుదా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు దిగేముందు ముడిని చూసుకోవడం ఎంతో మేలైంది. తప్పు కొంత ముడిది, కొంత తాడుది. అయితే అసలు కారణం మీ నాన్నగారి పనికీ మీ పనికీ ఉన్న తేడాలో ఉంది. మోకు చెట్టునూ మనిషినీ కలిపి చుట్టి ఉంటుంది. గీత కార్మికుడు వెనక్కి వాలి పనిచేస్తున్నంతసేపూ దాని మీద బరువు ఉంటుంది కనుక ముడికి సడలే తీరిక దొరకదు. మీరు మాత్రం కొమ్మ మీద కూర్చుంటారు, లేస్తారు, పక్కకు జరుగుతారు. తాడు ఒక క్షణం బిగుస్తుంది, మరుక్షణం వదులవుతుంది. బౌలైన్ బరువు మోస్తున్నప్పుడు చక్కగా నిలుస్తుంది. బరువు తీసి కదిలిస్తూ ఉంటే మాత్రం దాని కొస కొద్దికొద్దిగా వెనక్కి జారుతుంది. నున్నని, బిరుసైన కొత్త నైలాన్ తాడులో ఈ జారుడు మరీ ఎక్కువ. కట్టేటప్పుడు ఎంత బలంగా లాగినా ఆ గుణం పోదు.

అందువల్ల ప్రాణం ఆధారపడే తాడుకు నేను సూచించేది ఫిగర్ ఎయిట్ ముడి, అంటే 8 అంకె ఆకారంలో ఉండేది. కొమ్మ చుట్టూ తిరిగి వచ్చి ముడికి సరిపడేంత కొస వదిలి తాడుతో ఒంటి 8 వేసి, ఆ కొసను కొమ్మ చుట్టూ తిప్పి తెచ్చి, మొదటి 8 వెళ్లిన దారినే దాని పక్కన వెనక్కి నడిపించాలి. పూర్తయ్యాక ముడిలో ప్రతిచోటా రెండు పేటలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా జంటగా కనిపించాలి; అలాంటి జంటలు ఐదు లెక్కకు రావాలి. ఒక్క జంట మెలిపడినా విప్పి సర్దండి. తరువాత ముడి నుంచి బయటికి వచ్చే నాలుగు పేటలనూ విడివిడిగా లాగి బిగించి, నేలకు దగ్గరగా ఉన్నప్పుడే మీ పూర్తి బరువు వేసి చూడండి. ముడి బయట జానెడు కొస తప్పకుండా మిగలాలి. చాలామంది తాడు పొదుపు చేసేది ఇక్కడే, ఆ పొదుపు నాకు ఎంతమాత్రం నచ్చదు. ఆ కొసను అసలు తాడు చుట్టూ రెండుసార్లు తిప్పి, ఆ చుట్ల లోపలి నుంచి తీసి బిగిస్తే అదనపు కాపు ముడి అవుతుంది. బౌలైనే మీ చేతికి అలవాటైతే ఈ కాపు ముడి లేకుండా దానిని ఎప్పుడూ వాడకండి.

ఏ ముడి అయినా తాడు బలాన్ని తగ్గిస్తుంది. తాడు చిన్న మలుపు తిరిగినచోట బయటి పోగులే లాగుడంతా భరిస్తాయి కనుక, ముడి రకాన్ని బట్టి నాలుగో వంతు నుంచి మూడో వంతుకు పైగా బలం పోవచ్చు. ఈ కారణం వల్లే సన్నటి తాడు మనిషి బరువుకు చాలుతుందని లెక్క కట్టడం పొరపాటు. కిరాణా కొట్లలో దొరికే నీలం, పసుపు ప్లాస్టిక్ తాళ్లు పాలీప్రొపిలీన్‌తో చేసినవి. అవి ఎండకు పెళుసవుతాయి, ముడి జారుతుంది, రాపిడి వేడికి తొందరగా కరుగుతాయి. సామాను కట్టుకోవడానికి సరే, మనిషికి కట్టవద్దు. చెట్లెక్కడానికే తయారైన 11 నుంచి 13 మిల్లీమీటర్ల తాడు కొనండి.

నడుము ఒక్కదానికే తాడు కట్టుకోవడం గురించి కూడా చెప్పాలి. జారి వేలాడినప్పుడు ఆ తాడు పక్కటెముకల కిందికి ఎగబాకి ఊపిరి ఆడనివ్వదు. తొడలకు కూడా పట్టీలు ఉండే హార్నెస్ తప్పనిసరి. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. కొమ్మలు కొట్టేవారికీ అటువంటి రక్షణ అంతే అవసరమని నా గట్టి అభిప్రాయం. ఇంకొక్క మాట: కత్తి, గొడ్డలి లేదా రంపం చేతిలో ఉన్నంతసేపు రెండు తాళ్లతో రెండు చోట్ల కట్టుకొని ఉండండి. గురి తప్పిన ఒక్క వేటుకు బిగిసి ఉన్న తాడు తెగిపోతుంది.

ప్రశ్న: ఎక్కుతున్నకొద్దీ పైకి జరిపి, జారితే దానంతట అదే పట్టుకునే ముడి ఉందా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ఉందండి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో పరిచయం చేసినందున దాన్ని ప్రూసిక్ ముడి అంటారు. ముందుగా పై నుంచి వేలాడే అసలు తాడు ఉండాలి. సన్నని తాడు ఉంగరాన్ని అసలు తాడు చుట్టూ మూడుసార్లు దాని లోపలి నుంచే తిప్పి లాగితే ముడి పడుతుంది. బరువు లేనప్పుడు చేత్తో పైకి జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. అసలు తాడు మందం 12 మిల్లీమీటర్లయితే ఉంగరం తాడు 8 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. రెండూ ఒకే మందమైతే పట్టు సరిగా దొరకదు. ఉంగరాన్ని ఎప్పుడూ తల కన్నా పైన, తాడు సడలకుండా ఉంచుకోండి. జారినప్పుడు భయంతో ఆ ముడిని పిడికిట పట్టుకోవడం అందరికీ సహజంగా వచ్చే పని, కానీ అలా పట్టుకుంటే అది బిగుసుకోకుండా చేతితోపాటే కిందికి వస్తుంది. ముడిని వదిలేయాలని నేలకు రెండడుగుల ఎత్తులో పలుమార్లు సాధన చేయండి.

ప్రశ్న: వాడుతున్న తాడును ఎప్పుడు పక్కన పెట్టాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎక్కే ప్రతిరోజూ తాడంతా అంగుళం అంగుళం వేళ్ల మధ్య నుంచి లాగి చూడండి. ఎక్కడైనా మెత్తగా నొక్కుకుపోయినా, కరిగి గట్టిపడినా, పోగులు తెగి నూగులా లేచినా, ఒక్కసారి పెద్ద జారుడును ఆపినా దాని పని అయిపోయినట్లే. ఇంట్లో దాచితే మరెవరో తెలియక కట్టుకుంటారు కనుక, అదే రోజు రెండేసి మూరల ముక్కలుగా కోసేయండి.