జిమ్నీ వందలో 3,100 తిరుగుతోంది, పర్లేదా?

ప్రశ్న: నమస్తే అండీ. పోయిన నెల మారుతి జిమ్నీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, మాన్యువల్ గేర్లది తీసుకున్నాను. ఇంతకుముందు డీజిల్ సెడాన్ నడిపేవాణ్ని, అది వందలో పోతుంటే ఇంజన్ నిమిషానికి రెండు వేల చిల్లర చుట్లు (రివ్స్) తిరిగేది, ఇదేమో హైదరాబాద్ వెళ్తుంటే అదే వందకి ముల్లు మూడు వేలు దాటేస్తోంది, ఇంకో గేర్ ఉందేమో అని చెయ్యి ఊరికే రాడ్ మీదకి పోతోంది. గంటల తరబడి ఇలా తిరిగితే ఇంజన్ పాడవదా? పెద్ద టైర్లు వేయిస్తే రివ్స్ తగ్గుతాయని తెలిసిన మెకానిక్ అంటున్నాడు, వేయించమంటారా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇంజన్‌కి ఏం కాదండీ, ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. మీ 195/80 ఆర్15 టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 2.18 మీటర్లు పోతుంది, అంటే వందలో చక్రం నిమిషానికి 765 చుట్లు. యాక్సిల్ దగ్గర ఫైనల్ డ్రైవ్ 4.09, అంటే చక్రం ఒక్క చుట్టుకి షాఫ్టు 4.09 చుట్లు తిరగాలి; ఐదో గేర్ సరిగ్గా 1, అంటే షాఫ్టు ఎంత తిరిగితే ఇంజన్ అంతే. గుణిస్తే 3,130 వస్తుంది. మామూలు కార్లలో ఐదో గేర్ 0.8కి అటూ ఇటూ ఉంటుంది, మీ చెయ్యి వెతుకుతున్నది ఆ తేడానే.

ఇలా ఎందుకు పెట్టారంటే ఇది పెట్టెలాంటి బండి, ఎదురుగాలిని చీల్చుకుని పోదు, తోసుకుంటూ పోవాలి. 1,462 సీసీ పెట్రోల్ ఇంజన్, 134 ఎన్ఎం టార్క్ (లాగే బలం) వచ్చేది 4,000 దగ్గర. గేర్ ఇంకా పొడుగ్గా, అంటే రివ్స్ ఇంకా తగ్గేలా ఉంటే ఫ్లైఓవర్ వచ్చిన ప్రతిసారీ నాలుగులోకి దింపుకోవాల్సి వచ్చేది. పైగా ఫుల్ పవర్ 6,000 దగ్గర, మీరు దాంట్లో సగంలోనే ఉన్నారు.

ఇంకో మాట, రివ్స్ తగ్గితే మైలేజ్ దానంతటదే పెరుగుతుంది అనుకోకండి. ఇదే బండి ఆటోమేటిక్‌లో పై గేర్ 0.7, ముల్లు చాలా కిందే ఉంటుంది, అయినా కంపెనీ చెప్పిన మైలేజ్ మాన్యువల్‌కి 16.94, ఆటోమేటిక్‌కి 16.39.

టైర్లు మాత్రం వద్దండీ. 235/75 వేయించినా చుట్టుకొలత 6 శాతం కూడా పెరగదు, 3,130 కాస్తా 2,960 అవుతుంది అంతే. ఆ 170 చుట్ల కోసం చక్రాలు బరువెక్కుతాయి, పికప్ పోతుంది, బ్రేకుల మీద భారం పడుతుంది, స్పీడోమీటర్ ఇప్పటికంటే తక్కువ చూపిస్తుంది. దానికంటే తొంభైలో వెళ్ళండి, 2,800 తిరుగుతుంది, గాలి వెనక్కి నెట్టే బలం దాదాపు 19 శాతం తగ్గుతుంది, మోత తగ్గడం మీకే తెలుస్తుంది. 270 కిలోమీటర్లకి లారీలు టోల్‌గేట్లు పక్కన పెట్టి లెక్కేసినా 18 నిమిషాలే తేడా.

ప్రశ్న: వానలో హైవే మీద జిమ్నీలో ఫోర్ హై (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళేది) వేసుకుంటే గ్రిప్ బాగుంటుందా?
- ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: తారు రోడ్డు మీద వద్దమ్మా. ముందు వెనక యాక్సిల్‌లని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ జిమ్నీకి మధ్యలో లేదు, ఫోర్ హైలో ముందు యాక్సిల్ వెనక యాక్సిల్ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి కదా, టైర్లకి జారే వీలు లేకపోతే ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడుతుంది, స్టీరింగ్ బిగుస్తుంది, ఒక్కోసారి లివర్ కూడా వెనక్కి రాదు. తారు తడిసినంత మాత్రాన ఆ జారుడు రాదు. బురదలోకో కంకర రోడ్డు మీదకో దిగాక వేసుకోండి, తారు ఎక్కగానే టూ హైకి (వెనక చక్రాలకే పవర్ వెళ్ళేది) వచ్చేయండి.