ప్రోవైన్‌లో మంచి వైన్లను గుర్తించడం ఎలా: సమాధానం

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో వర్తకుల కోసం జరిగే ప్రోవైన్ అనే వైన్ ప్రదర్శనకు మీ సంస్థ తరఫున మళ్లీ వెళ్తున్నారనీ, నిరుడు మధ్యాహ్నానికల్లా వైన్లన్నీ ఒకేలా అనిపించాయనీ రాశారు. లోపం మీ నాలుకది కాదు, రుచి చూసిన వరుసది. ఎర్ర వైన్లలోని టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి నోటిని పొడిబారుస్తాయి కనుక, ఇటలీ ఎర్ర వైన్ బరోలో వంటి వగరు వైన్ తర్వాత, జర్మనీలోని మోజెల్ ప్రాంతపు తెల్ల వైన్ రీస్లింగ్‌ను రుచి చూస్తే దాని సున్నితత్వం మీకు అందదు. కాబట్టి ముందు మెరిసే వైన్లు, ఆపైన తెల్లవి, చివరగా ఎర్రవి, తియ్యనివి చూడండి, ప్రతిదీ ఉమ్మేయండి. (పండించినాయనే స్వయంగా పోస్తున్నా మొహమాటం అక్కర్లేదు, అక్కడ అదే మర్యాద.)

అసలైన పరీక్ష ఉమ్మిన తర్వాతే మొదలవుతుంది. ఉదాహరణకు తియ్యదనం మిగిలిన మోజెల్ కాబినెట్‌లో (జర్మనీలో తేలికపాటి వైన్ల తరగతి ఇది) ఆల్కహాల్ సాధారణంగా 8 నుంచి 9 శాతమే ఉంటుంది. అయినా మంచిదైతే తీపి తగ్గిపోయాక కూడా పులుపు, పండు వాసన నోట్లో చాలాసేపు నిలుస్తాయి, నాసిదైతే తీపి మాత్రమే మిగులుతుంది. మరీ చల్లగా పోస్తే వాసన అణగిపోతుంది కాబట్టి గ్లాసును అరచేతుల్లో కాసేపు పట్టుకొని మళ్లీ వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా వల్ల వైన్‌కు పట్టిన దోషం కావచ్చు, ఇంకో సీసా తెరవమని అడగండి. పతకాల స్టిక్కర్లను నేనైతే లెక్కచేయను. నచ్చినదాన్ని మర్నాడు ఉదయం, అదే వైన్ వేరే సంవత్సరపు సీసాతో పక్కపక్కన పెట్టి చూశాకే ధర మాట్లాడండి.