కారులో స్పీకర్లు తప్పుగా బిగించారు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. రెండు నెలల క్రితం వైజాగ్‌లోనే ఒక యాక్సెసరీస్ షాపులో 38,000 రూపాయలు పెట్టి ముందు డోర్లకు కాంపోనెంట్ స్పీకర్లు (పెద్ద స్పీకర్, సన్నని శబ్దాలిచ్చే చిన్న ట్వీటర్ విడివిడిగా ఉండేవి), ఆంప్లిఫయర్ పెట్టించాను. పాటంతా నా కుడి చెవి పక్కనే కీచుమంటోంది, బేస్ అసలు లేదు. ట్వీటర్లు అద్దం పక్క పిల్లర్లకు స్క్రూలతో బిగించారు. అడిగితే ‘ఒకసారి బిగించాక వాపసు లేదు’ అంటున్నారు. బిల్లు కూడా ఇవ్వలేదు, ఎస్టిమేట్ చీటీ ఒక్కటే ఉంది. కేసు వేయవచ్చా సార్?

జవాబు: వేయవచ్చు. కానీ ‘సౌండ్ బాగా లేదు’ అని వేస్తే మాత్రం నిలబడటం కష్టం. అవతలి లాయరు అది మీ టేస్టు అనేస్తాడు. మీ కేసు ‘పని సరిగా చేయలేదు’ అన్నదాని మీద ఉండాలి, చట్టం భాషలో అది సేవా లోపం.

దాన్ని చూపించడం మీరనుకున్నంత కష్టం కాదు. బేస్ ఉన్న పాట పెట్టి, బాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి జరిపి వినండి. ఒక్కో డోరు విడిగా మోగినప్పుడు బేస్ వచ్చి, మధ్యలో పెట్టగానే పలచబడిపోతే ఒకవైపు ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయనే అనుమానించాలి, ఎందుకంటే ఒక స్పీకర్ కోన్ (గాలిని కదిలించే పొర) ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. డోరు లోపలి రేకుకున్న కన్నాలు మూయకుండా వదిలేసినా బేస్ పోతుంది. ఇక కీచుమనడం అంటారా, కుడి ట్వీటర్ మీకు మరీ దగ్గర, దాని శబ్దం ముందుగా చేరుతుంది కాబట్టి పాటంతా అటే లాగేసినట్టు ఉంటుంది. ఆంప్లిఫయర్‌లో దగ్గరి స్పీకర్ శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే డిలే సెట్టింగ్ ఉండి కూడా వాళ్లు ముట్టుకోకపోతే అదీ రాయండి. వేరే షాపులో డోరు ప్యాడ్ విప్పించి, వీడియో తీసి, చూసిందంతా వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. స్పీకర్ల డబ్బాలో వచ్చిన మాన్యువల్ పారేయకండి, అందులో చెప్పినదానికి విరుద్ధంగా బిగించి ఉంటే మీ చేతిలో అంతకన్నా గట్టి కాగితం ఉండదు.

బిల్లు లేదని టెన్షన్ పడొద్దు. యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మాటలు, ఆ చీటీ సరిపోతాయి. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం, లోపం ఉన్న సేవకు డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కూడా అదే కిందికి వస్తాయి, బిల్లులో గడువు లేకపోతే 30 రోజులు లెక్క. కాబట్టి ‘వాపసు లేదు’ అన్న మాట పట్టుకుని మీరు ఆగిపోనక్కర్లేదు.

అయితే నిజం చెప్పాలి, మొత్తం 38,000 వస్తుందని ఆశ పెట్టుకోకండి. స్పీకర్లు మంచివే అయితే అడగాల్సింది వాళ్ల ఖర్చుతో సరిగా మళ్లీ బిగించడం, లేదా బిగింపు కూలి వాపసు, పాడైన ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ కవర్లు), వైరింగ్‌కు నష్టపరిహారం. నా అనుభవంలో ఇలా కొలిచి అడిగినవాళ్లకే త్వరగా తేలుతుంది. ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. కదలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు.

ఒక్క పని మాత్రం వీటన్నిటికంటే ముందు చేయండి. ఆ పిల్లర్ ప్లాస్టిక్ మీద ‘ఎయిర్‌బ్యాగ్’ అని అచ్చు ఉందేమో చూడండి. ఉంటే దాని వెనుక పక్క కిటికీల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు, ప్రమాదంలో అది విచ్చుకునేటప్పుడు ట్వీటరో స్క్రూనో ఎగిరి ముఖానికి తగలవచ్చు, అసలు బ్యాగే సరిగా తెరుచుకోకపోవచ్చు. నంబరు ప్లేటుతో సహా కారుకు, స్క్రూలకు దగ్గర నుంచి ఫొటోలు తీసి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు రాయించి ఆ ట్వీటర్లు ఈ వారమే తీయించేయండి. ఫొటోలు, జాబ్ కార్డు చేతిలో ఉంటే తీయించినందువల్ల సాక్ష్యం పోదు, ఆ ఖర్చు కూడా నోటీసులో కలపండి.