పోస్టేజీలో నేను మిగుల్చుకున్న 12 రూపాయలు

ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లు పోస్టేజీ పేరు చెప్పి డబ్బులు గుంజుతారా అని అడిగారు కదా. గుంజుతారు. నేనూ గుంజాను, 12 రూపాయలు.

నేనుండేది హైదరాబాద్. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత తెలుగు పుస్తకాలు, పిల్లల మాసపత్రికలు ఏరుకొచ్చి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో అమ్ముతాను. ఒకసారి శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దాయన నాలుగు పాత సంచికలు అడిగారు. పోస్టేజీతో కలిపి చెప్పిన మొత్తం మారుమాట లేకుండా ఫోన్‌పే చేశారు. వారం తర్వాత పార్సిల్ మీద పోస్టాఫీసువాళ్లు అంటించిన స్టిక్కర్ ఫొటో వచ్చింది. కింద ఒక్క ముక్క: "అమ్మా, దీని మీద వేసినదానికీ మీరు తీసుకున్నదానికీ 53 రూపాయలు తేడా ఉంది."

ఒళ్లు మండింది. ఇంత పొడుగు మెసేజ్ టైప్ చేశాను. పంపే ముందు ఎందుకైనా మంచిదని లెక్క వేశాను. కిరాణా కొట్టాయన అట్టపెట్టె ఊరికే ఇచ్చే రోజులు పోయాయి, దానికి 10. టేపు, వాన తడవకుండా రెండు కవర్లు కలిపి 11. షేర్ ఆటో రానుపోను 20. మొత్తం 41. ఎన్నిసార్లు కూడినా అంతే. మిగతా 12 ఎటు పోయాయో నాకే తెలియదు, అంటే నా దగ్గరే ఉన్నాయి. క్యూలో నిలబడ్డ కూలి అనుకోండి అందామనుకున్నాను గానీ సిగ్గేసింది. లెక్క రాసి, 12 వెనక్కి పంపాను.

ఐదు నిమిషాల్లో ఫోన్. ఆయన రిటైరైన పోస్ట్‌మాస్టర్! "డబ్బులు సరేగానీ, తూకం 525 వచ్చిందేంటమ్మా? మా ఇంటి కాటా మీద పెట్టాను, పుస్తకాలు 430 గ్రాములే. తక్కినదంతా నీ అట్టే. 500 దాటితే పై స్లాబు రేటు పడుతుంది. ఓ అట్ట తీసేసి ఉంటే ఇద్దరికీ కలిసొచ్చేది" అన్నారు. రెండేళ్లుగా అమ్ముతున్నా నాకు తట్టలేదు. భద్రంగా ఉండాలని పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు చుట్టి, ఆ చుట్టినదానికి కూడా కొన్నవాళ్ల చేత డబ్బు కట్టించాను.

అసలు ఈ చిరాకంతా 'ఫ్రీ డెలివరీ' వల్ల. పెద్ద సైట్లు ఆ ఖర్చు ధరలోనో మరోచోటో కలిపేస్తాయి, మనం విడిగా చెప్తే దొంగలమైపోతాం. స్పీడ్ పోస్ట్‌లో బయటి ఊరికి 50 గ్రాములకే 47 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. అబిడ్స్‌లో 40కి దొరికే పుస్తకానికి పోస్టేజీ అంతకన్నా ఎక్కువ పడితే నేనేం చేయను? 2024 డిసెంబర్‌లో పుస్తకాలు చవగ్గా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేశారు. 2025 మేలో పుస్తకాల కోసమే జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాములకు 20, 5 కిలోలకు 100, పన్ను అదనం. ఎగిరి గంతేశాను. తీరా చూస్తే పత్రికలకు అది వర్తించదు. పుస్తకమైతే పబ్లిషర్ పేరో ప్రింటర్ పేరో ఉండాలి. నా దగ్గరున్న వాటిలో సగానికి మొదటి పేజీలు ఎలుకలు ఎప్పుడో తినేశాయి.

ఇక కొనేవాళ్లలో ఎవర్ని నమ్మొచ్చంటారా, నా లెక్కలో పోస్టేజీ గురించి గుచ్చిగుచ్చి అడిగేవాళ్లే నమ్మదగ్గవాళ్లు. ఏమీ అడగకుండా "క్యాష్ ఆన్ డెలివరీ పెట్టండి మేడం" అనేవాళ్లే ముంచుతారు. ఒకాయన అలాగే తెప్పించుకుని, పార్సిల్ గుమ్మం దాకా వెళ్లాక వద్దన్నాడు. పోను ఖర్చు, రాను ఖర్చు రెండూ నా నెత్తినే. పైగా పుస్తకం అట్ట మూల నలిగి వచ్చింది. ఆ పుస్తకం ఇప్పటికీ అమ్ముడుపోలేదు.

ఇప్పుడు పార్సిల్‌ని కాటా మీద పెట్టి ఫొటో తీసి, రసీదుతో పాటు పంపుతున్నాను. పోస్ట్‌మాస్టర్ గారికి మాత్రం అవసరం లేదు. ఫలానా సంచిక ఉందా అని అడిగేటప్పుడే పోస్టేజీ ఎంతవుతుందో పైసలతో సహా ఆయనే రాసి పంపుతారు. చివర్లో "అట్ట ఒక్కటే" అని కూడా.