బోరు నీళ్లలో సైనైడ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది: విజయవాడ ఆటోనగర్ వైపు ఇల్లు, పక్కన ప్లేటింగ్ షాపు (లోహ వస్తువులకు పూత వేసే చోటు) ఉంది, బోరు నీళ్లలో సైనైడ్ ఉందేమోనని టెన్షన్, టీడీఎస్ మీటరుతో తెలుస్తుందా అని. తెలియదండి. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. సైనైడ్‌కి తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. వందల్లో ఉండే టీడీఎస్ అంకెలో అంత చిన్న మోతాదు కనిపించదు. వాసన చూసి చెప్పడమూ కుదరదు, చాలామందికి ఆ వాసన అసలు తెలియదు.

నేను విజయవాడలోనే ఒక నీటి పరీక్షల ల్యాబులో అనలిస్టుగా పనిచేశాను. అక్కడ నాకు బాగా అర్థమైంది ఏమిటంటే, సైనైడ్ పరీక్ష సగం బోరు దగ్గరే అయిపోతుంది. చాలామంది ముందురోజు కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి, బండి డిక్కీలో పెట్టుకుని తెచ్చేవారు. బోరు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సాధారణంగా 7, 8 మధ్య ఉంటుంది. ఆ పీహెచ్ దగ్గర సైనైడ్ చాలావరకు హైడ్రోజన్ సైనైడ్ రూపంలోనే ఉంటుంది. అది గాలిలోకి పోయే వాయువు. ఒకసారి ఒకే బోరు నుంచి రెండు సీసాలు వచ్చాయి. మామూలుగా పట్టిన దాంట్లో ఏమీ రాలేదు. అక్కడికక్కడే సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) కలిపిన దాంట్లో మాత్రం సైనైడ్ ఉన్నట్టు రంగు వచ్చింది. మొదటి సీసా ఒక్కటే తెచ్చి ఉంటే ఆ కుటుంబం నిశ్చింతగా అవే నీళ్లు తాగేది. అందుకే ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి సోడియం హైడ్రాక్సైడ్ వేసిన సీసా ల్యాబు వాళ్లనే అడిగి తీసుకోండి. నీళ్లు పట్టాక పీహెచ్ 12 దాటాలి, అప్పుడే సైనైడ్ వాయువుగా పోకుండా నీళ్లలోనే ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పట్టిన సీసాను ఐస్ బాక్సులో, వెలుతురు తగలకుండా పెట్టి అదే రోజు ఇచ్చేయండి. బోరులోగానీ ట్యాంకులోగానీ బ్లీచింగ్ వేసి ఉంటే ముందే చెప్పండి. క్లోరిన్ సైనైడ్‌ని విరగ్గొడుతుంది, నీళ్లు పట్టిన వెంటనే ఆ క్లోరిన్‌ని తీసేయాలి. కుళ్లిన గుడ్డు వాసన ఉంటే అదీ చెప్పాలి, సల్ఫైడ్ ఉంటే ఫలితం తప్పుతుంది.

ల్యాబులో ఆ నీళ్లకు ఆమ్లం కలిపి మరిగిస్తారు. ఇనుము లాంటి లోహాలతో ముడిపడ్డ సైనైడ్ కూడా విడిపోయి వాయువుగా బయటికొస్తుంది. దాన్ని మళ్లీ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో పట్టి, క్లోరమిన్-టీ, పిరిడిన్-బార్బిట్యూరిక్ ఆమ్లం అనే రసాయనాలు కలిపితే రంగు వస్తుంది. ఆ రంగును 578 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్ కూడా ఉంది కానీ అది లీటరుకు ఒక మిల్లీగ్రాము పైన ఉన్నప్పుడే నమ్మదగ్గది. తాగే నీళ్లకు పనికిరాదు. ఇంట్లో ఆమ్లం పోసి చూడాలని మాత్రం ఎప్పుడూ అనుకోవద్దు, వచ్చే వాయువు ప్రాణం తీస్తుంది.

రిపోర్టులో ఊరికే ‘బీడీఎల్’ (పరీక్ష పట్టగలిగే స్థాయి కంటే తక్కువ) అని రాసిస్తే ఒప్పుకోకండి. ఏ పద్ధతిలో చేశారో, ఎంత తక్కువ వరకు పట్టగలరో రాయించుకోండి. ఆ అంకె 0.05 కంటే తక్కువ ఉండాలి.

ఇంకో మాట. ఆ షాపులో ఏ ప్లేటింగ్ చేస్తారో కనుక్కోండి. బంగారం, వెండి, రాగి, జింకు పూతల్లో సైనైడ్ వాడకం ఉంటుంది. క్రోమ్ పూత మాత్రమే అయితే మీరు చేయించాల్సింది క్రోమియం పరీక్ష. సైనైడ్ 0.05 దాటి వస్తే ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం ఆపేసి, రెండో శాంపిల్ వేరే ల్యాబుకు పంపి, రెండు రిపోర్టులతో కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.