తాటిమానులో వలయాలు ఎందుకుండవు?

మీ అమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోందని, "తాటి, కొబ్బరి అంతంత మానులు కదా, వాటిని గడ్డితో కలిపి ఏకదళబీజాలు అంటారేం? వాటి మానులో వలయాలు ఎందుకుండవు?" అని అడిగిందని రాశారు. ఏకదళబీజాలంటే విత్తనంలో బీజదళం (మొలక తొలి ఆకు) ఒక్కటే ఉండే మొక్కలు. మాది పర్లాకిమిడి, బోటనీ ట్యూషన్లు చెబుతాను. ఈ జవాబు నాకు పుస్తకం కన్నా ముందు మా పెరట్లో దొరికింది.

చిన్నప్పుడు మా పెంకుటింటికి దూలం మార్చాలని తాటిమాను చీల్పించారు. అంచంతా నల్లగా, గొడ్డలికి కూడా లొంగనంత గట్టిగా ఉంది. నడుమ మాత్రం తెల్లటి మెత్తటి పీచు, గోటితో గిల్లితే ఊడొచ్చేసింది. వడ్రంగి మావయ్య ఆ నడిమి భాగమంతా చెక్కి అవతల పారేశాడు. "టేకుకి చేవ లోపలుంటాది, తాటికి పైనుంటాది" అన్నాడు. నేను పిల్లలకు కాండం పాఠం ఇప్పటికీ ఆ మాటతోనే మొదలుపెడతాను.

ఆ అంచున సూదుల్లా గుచ్చుకునే నల్లటి పోగులే నాళికాపుంజాలు, అంటే నీళ్లనీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్టలు. వాటి చుట్టూ గట్టి నార. టేకులో, మామిడిలో ఇవి వలయంగా అమరి ఉంటాయి. దారువుకీ (నీళ్లు మోసే భాగం) పోషక కణజాలానికీ (ఆహారం మోసే భాగం) మధ్య కేంబియం అనే కొత్త కణాలు పుట్టించే పొర ఉండి ఏటా లోపలికి కొత్త దారువు వేస్తుంది. వలయాలు వచ్చేది అందుకే. తాటిలో పుంజాలు కాండమంతా చెల్లాచెదురుగా ఉంటాయి, అంచున మరీ ఒత్తుగా. వాటిలో కేంబియం లేదు. కాబట్టి వలయమూ లేదు. మరి అంత లావు ఎలా వచ్చిందంటే, తాటిమొక్క మాను కనిపించకుండా కొన్నేళ్లు నేలమట్టంలోనే ఉండి ముందు మొదలు వెడల్పు చేసుకుంటుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది.

కొబ్బరిచెట్టు ఎక్కడానికి మెట్లలా కొట్టిన గాట్లు చూశారా? కేంబియం లేదు కాబట్టి ఎన్నేళ్లైనా పూడవు. మామిడికైతే చుట్టూ కొత్త కణజాలం పెరిగి గాయం మూసుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా వైపు కొబ్బరిచెట్ల తలలు విరిచేసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మొవ్వు పోయిన చెట్టు మళ్లీ చిగురించదు. దానికున్న పెరిగే మొగ్గ ఆ ఒక్కటే.

ఇక వర్గీకరణ. విత్తనంలో బీజదళం ఒకటా రెండా అన్న తేడాను వర్గీకరణకు ఆధారం చేసింది 17వ శతాబ్దపు జాన్ రే. 2016 నాటి ఏపీజీ (ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్, పూలమొక్కల వర్గీకరణ) పద్ధతిలో ఏకదళబీజాలకు 11 క్రమాలు (ఆర్డర్లు). తాటి, కొబ్బరి, మా కొండల్లో సవరలు కల్లు గీసే జీలుగు ఒక క్రమం. వరి, వెదురు, గడ్డి ఇంకో క్రమం. అరటి, అల్లం, పసుపు మరొకటి. గంజాం తీరంలో అత్తరు కోసం పెంచే మొగలి చూడటానికి తాటికి చుట్టంలా ఉన్నా దాని క్రమం వేరు. మిగతా అన్నిటికన్నా ముందే విడిపోయిన శాఖ మన వసకొమ్ముది.

ఒక్క లక్షణం పట్టుకుని తేల్చేయొద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఏకదళబీజాల ఆకుల్లో సమాంతర ఈనెలు అని బట్టీ పట్టిన పిల్లలు చేమాకు, పెండలం ఆకు ఇస్తే టెన్షన్ పడిపోతారు. రెండూ ఏకదళబీజాలే, ఈనెలు మాత్రం వల అల్లినట్టుంటాయి.

ఈ ఆదివారం ఒక లేత మొక్కజొన్న కాడ, ఒక లేత పొద్దుతిరుగుడు కాడ ఎర్రసిరా కలిపిన నీళ్లలో పెట్టించండి. కొన్ని గంటలయ్యాక బ్లేడుతో అడ్డంగా కోయమనండి. సిరా ఎక్కిన నాళికాపుంజాలు మొక్కజొన్నలో ఎర్రచుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి, పొద్దుతిరుగుడులో గాజులా గుండ్రంగా.