చారల పిల్లల సంగతి తర్వాత, ముందు ఫ్రిజ్‌లో సీసా సంగతి చూడండి

ప్రశ్న: నల్లమల అంచున సీమపందులు పెంచుతున్నాను. ఈసారి ఒక తల్లి అడవి పందికి పుట్టినట్టు చారల పిల్లల్ని ఈనింది. పోయిన వారం మా జొన్న చేలో అడవి పంది చచ్చి పడి ఉంటే, డీఎన్‌ఏ పోల్చి చూడొచ్చని దాని ముక్కు నుంచి కారుతున్న రక్తం సీసాలో పట్టాను. మందుల షాపతను రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇస్తే కలిపి, ఇంట్లో డీప్ ఫ్రిజ్‌లో పెట్టాను. ఎక్కడికి పంపాలి? నాలుగు రోజులుగా రెండు పందులు మేత సరిగా తినడం లేదు. స్వైన్ ఫీవర్ టీకా వేయించారుగా, భయం లేదని షాపతను అంటున్నాడు.
– ఒక రైతు, ఆత్మకూరు మండలం, నంద్యాల జిల్లా

జవాబు: అడవి పంది చావు, ముక్కున రక్తం, మేత మానిన పందులు – ఇవి చూశాక ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను అనుమానించక తప్పదు. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడిన ఈ జబ్బు 2023 జనవరిలో తమిళనాడులోని ముదుమలై అడవి పందుల్లోనూ తేలింది. మీరు వేయించిన టీకా క్లాసికల్ స్వైన్ ఫీవర్‌ది. ఆ వైరస్ వేరు. ఆఫ్రికన్ రకానికి మన దగ్గర టీకా లేదు, మందూ లేదు. షాపులో ఇచ్చే యాంటీబయాటిక్‌లకు డబ్బు తగలేయకండి.

ఈ జబ్బు మనుషులకు రాదు. కానీ దొమ్మ రోగం (ఆంత్రాక్స్)లోనూ ముక్కు నుంచి రక్తం కారుతుంది, అది మనుషులకూ వస్తుంది. చేతిపై నల్లటి పుండు గానీ జ్వరం గానీ వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈ సంగతి చెప్పండి. కళేబరాన్ని కోయొద్దు, ఈడ్వొద్దు. అటవీ సిబ్బందికి చూపించండి.

సీసా మూత తీయకండి. 4 డిగ్రీల చల్లదనంలో ఈ వైరస్ రక్తంలో ఏడాదిన్నర దాకా బతుకుతుంది. తినే వస్తువుల పక్కన దాన్ని ఎలా పెట్టారండీ! రెండు పాలిథిన్ సంచుల్లో చుట్టి పశువైద్యాధికారికి అప్పగించండి. మీ పందుల నమూనాలు ఆయనే తీసి భోపాల్‌లో పశు రోగాలను పరీక్షించే జాతీయ సంస్థ నిషాద్ ల్యాబ్‌కు పంపిస్తారు. ఫలితం వచ్చేదాకా ఒక్క పందినీ అమ్మొద్దు, కోయొద్దు. షెడ్డు కడిగి 2 శాతం కాస్టిక్ సోడా ద్రావణం చల్లి అరగంట ఉంచండి. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి.

ఇక డీఎన్‌ఏ. చారలు చూసి మీరు అనుమానించడం సబబే. అయితే ఆ సీసా రక్తం పనికిరాదు. డీఎన్‌ఏను కాపీలు చేసి చూసే పీసీఆర్ పరీక్షను హెపారిన్ అడ్డుకుంటుంది. క్షీరదాల ఎర్ర కణాల్లో డీఎన్‌ఏ ఉండే కేంద్రకం ఉండదు, డీఎన్‌ఏ అంతా తెల్ల కణాల నుంచే రావాలి. కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టిన ప్రతిసారీ అది ముక్కలవుతుంది. పైగా అడవి జంతువు నమూనాను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మనంతట మనం తీయకూడదు. వన్యప్రాణుల డీఎన్‌ఏ పరీక్షలు చేసే హైదరాబాద్ లాకోన్స్ ల్యాబ్‌కైనా అటవీ అధికారుల ద్వారానే వెళ్లాలి.

జబ్బు లేదని తేలాక పిల్లలవి, తల్లివి నమూనాలు తీయించండి. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉండే ఊదా మూత గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, వెంటనే 8–10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. గొట్టంపై పంది నంబరు, తేదీ రాయాలి. 4 డిగ్రీల్లో ఉంచి వారంలోగా ల్యాబ్‌కు చేర్చాలి. అంతకన్నా ఆలస్యమైతే మైనస్ 20లో పెట్టి మధ్యలో కరగనివ్వకూడదు. ఇదంతా కుదరదంటే కుదుళ్లతో సహా పీకిన 20–30 వెంట్రుకలు కాగితం కవర్లో పెడితే చాలు. పాలిథిన్‌లో వద్దు, తేమకు బూజు పడుతుంది.

ఈ రోజే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.